పాత కారు పెయింట్ వెలిసిపోయింది, ఫుల్ పెయింటింగ్ వేయించమంటారా?

2005 మోడల్ కారు, బానెట్టూ టాపూ పాలిపోయాయి, వేలు పెట్టి రాస్తే పిండిలా అంటుకుంటోంది, షెడ్డులో నలభై వేలు అడుగుతున్నారు, వేయించమంటారా అన్నారు కదా. వేయించకండి. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు నా బండి కథ వినండి.

నాది 2003 మారుతి 800. ఎర్రది. మా నాన్నగారు కొన్నది. ఆయన దగ్గరున్నన్నాళ్ళూ రేకుల షెడ్డు కింద రాజాలా ఉంది. 2014లో నా చేతికొచ్చాక దానికి కష్టాలు మొదలయ్యాయి. మాది విజయవాడలో అపార్ట్‌మెంట్. బిల్డరు కాగితాల మీద 'కార్ పార్కింగ్ కలదు' అని రాశాడు. తీరా ఇచ్చింది కాంపౌండ్ గోడ పక్కన జాగా. పైకప్పు ఆకాశం. బెజవాడ ఎండ గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది? మే నెలలో మధ్యాహ్నం డోరు తీయాలంటే హ్యాండిల్‌కి జేబురుమాలు అడ్డం పెట్టుకోవాలి. సీటు బెల్టు బకిల్ తగిలితే వాత పడుతుంది.

మూడు వేసవులు అలా గడిచేసరికి, కొత్తకారం రంగులో ఉండే బండి నిరుటి కారంలా తయారైంది. ఆ తర్వాత ముందటేడు కారంలా. డోర్లు బాగానే ఉన్నాయి, ఎండ నిటారుగా పడే బానెట్టూ టాపూ పోయాయి. మీకూ అంతే అయుంటుంది, ఏ బండికైనా ముందు పోయేది ఆ రెండే.

ఒక పెళ్ళికి దాంట్లోనే వెళ్ళాం. కల్యాణమండపం బయట మా తోడల్లుడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పదిమందీ వినేలా, "అన్నయ్యా, ప్రైమర్ కొట్టి ఆపేశారేంటి, డబ్బులు చాల్లేదా?" అన్నాడు. ప్రైమర్ అంటే రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత. ఆయనది అప్పట్లో మెరిసే సిల్వర్ కారు. మా ఆవిడ దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. అది ఇంకా ప్రమాదం.

మర్నాడే ఆటోనగర్ వెళ్ళాను. పెయింటర్ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్‌సీనా, పీయూనా సార్?" అని. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్ పెయింట్, చవక రకం. అదైతే పద్దెనిమిది వేలు, త్వరగా పాలిపోతుంది. పీయూ అంటే పాలీయురెథేన్, గట్టి రకం. అది కొట్టి బూత్‌లో, అంటే దుమ్ము పడని మూసిన గదిలో, ఆరబెడితే నలభై రెండు వేలు. బండి అమ్మితే యాభై వేలు రాదు. గుర్రం ధరంతా జీనుకే పోయేట్టుంది అనుకుంటూ బయటికొస్తుంటే, పక్కన కూర్చుని టీ తాగుతున్న ఒక ముసలి పాలిష్ మేస్త్రీ పిలిచాడు. గుడ్డ ముక్కకి ఇంత పాలిష్ అంటించి పెట్రోల్ మూత పక్కన నాలుగుసార్లు రుద్దాడు. గుడ్డ ఎర్రగా అయింది. నేను కంగారు పడ్డాను. ఆయన మాత్రం, "రంగంటింది కదా, ఇది మంచిదే సార్. మీ బండికి పైన క్లియర్ లేదు. చచ్చింది పైపైనే, లోపల రంగు బతికే ఉంది" అన్నాడు. క్లియర్ అంటే కొన్ని బళ్ళకి రంగు మీద ఉండే పారదర్శకమైన పొర. రుద్దిన చోట, రూపాయి బిళ్ళంత మేర, నాన్నగారు కొన్ననాటి ఎరుపు కనిపించింది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పెయింట్‌లో రంగుని పట్టి ఉంచే జిగురు పైపొరలో చచ్చిపోతుంది. పట్టు వదిలిన రంగు పిండై రాలుతుంది. ఆ చచ్చిన పొర తీసేస్తే కింద మంచిది ఉంటుంది. కథంతా ఇంతే.

కార్తీకమాసం, ఆదివారం, పొద్దున్న ఆరు. చలికాలం కావాలనే ఎంచుకున్నాను, రేకు కాలుతుంటే రబ్బింగ్ కాంపౌండ్, అంటే పైపొరని అరగదీసే పాలిష్ ముద్ద, ఎండిపోయి అట్టకట్టేస్తుంది. షాంపూ నీళ్ళతో బండి శుభ్రంగా కడిగాను. రబ్బరు బీడింగులకీ, నల్ల ప్లాస్టిక్‌కీ టేపు అంటించాను. నాన్నగారి పాత పంచె ముక్కలు చేసి, రబ్బింగ్ కాంపౌండ్ ఉసిరికాయంత తీసుకుని, బానెట్టుని నాలుగు భాగాలు అనుకుని ఒక్కో భాగం రుద్దాను. ఒక్కో భాగానికి ఇరవై నిమిషాలు. చొక్కా తడిసిపోయింది, భుజాలు పడిపోయాయి, పంచె ముక్కలన్నీ ఎర్రబడ్డాయి. వాటిని బకెట్లో జాడిస్తుంటే ఎర్ర నీళ్ళు కాలువ కట్టి గేటు దాకా పోయాయి. రెండో అంతస్తు బాల్కనీలోంచి మామ్మగారు చూసి, "ఏం నాయనా, కార్తీకమాసంలో పార్కింగులో కోడిని కోస్తున్నావా?" అని కేక వేశారు. నేను ఎర్రటి చేతులు ఊపుతూ కాదు మామ్మగారూ, రంగూ అంటే ఆవిడ నమ్మలేదు. కిందికొచ్చి బానెట్టు ముట్టుకుని చూసి గానీ వెళ్ళలేదు.

పదకొండింటికి వాక్స్ పాలిష్ పట్టించి తుడిచాను. బానెట్టులో వేపచెట్టు కొమ్మలు కనపడ్డాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది, ఆ పెళ్ళికి వెళ్ళొచ్చాక మొదటిసారి మాట్లాడింది. ఖర్చు మొత్తం ఎనిమిది వందల లోపు.

అక్కడితో ఆగి ఉండాల్సింది. టాపు కూడా చేత్తోనే రుద్దాలంటే బద్ధకమేసి, మరుసటి వారం ఒక షెడ్డుకి ఇచ్చాను. అక్కడి కుర్రాడు గ్రైండర్‌కి ఉన్ని ప్యాడ్ తగిలించి, ఫోన్లో మాట్లాడుతూ టాపు అంచు మీద రెండు క్షణాలు ఎక్కువ ఆపాడు. బొటనవేలంత మేర బూడిద రంగు బయటపడింది. ప్రైమర్. కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతు. అంచుల దగ్గర ఇంకా పలచన. వాడు "టచప్ చేసేద్దాం సార్" అని చేశాడు, ఇప్పటికీ గోళ్ళరంగు పూసినట్టు కనపడుతుంది. అందుకే అంచులకి టేపు వేయనిదే మెషిన్ తాకనివ్వకండి.

ఇక ఫుల్ పెయింటింగ్ ఎందుకు వద్దంటున్నానంటే, కంపెనీలో ఇంజనూ సీట్లూ వైర్లూ బిగించక ముందే ఒట్టి బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, పెద్ద ఓవెన్‌లో కాలుస్తారు. సందుసందుకీ ప్రైమర్ పోతుంది. తయారైన బండిని మళ్ళీ ఆ వేడిలో పెట్టలేరు, ప్లాస్టిక్కులు కరిగిపోతాయి. బయట బూత్‌లో అరవై డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. మామూలు షెడ్డులో అదీ ఉండదు, రోడ్డు మీద పోయే లారీ దుమ్మంతా మీ పెయింట్‌లో ఉంటుంది. పైగా కింద తుప్పు గీకకుండా పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తే రెండు వానాకాలాలకి బుడగలొస్తాయి. కంపెనీ రంగు సగం బతికున్నా సరే, కొత్త రంగు కంటే నయం. నా అభిప్రాయమిది, పెయింటర్లు ఒప్పుకోరు.

మా తోడల్లుడి సంగతి చెప్పాలి. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన సిల్వర్ కారు టాపు మీద ఉల్లిపొర లేచినట్టు తెల్లగా పొరలు లేచాయి. మెటాలిక్ రంగుల మీద ఉండే క్లియర్ కోట్ అది. ఒకసారి లేచిందంటే ఏ కాంపౌండూ, ఏ వాక్సూ అతికించలేదు. ఆ పానెల్ మొత్తం వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళతో తడిపి రుద్దే ఉప్పు కాగితంతో, గీకి, రంగు వేసి, పైన మళ్ళీ క్లియర్ కొట్టాల్సిందే. అప్పుడైనా ఆ ఒక్క పానెలే, బండి మొత్తం కాదు. ఆయనని నేను డబ్బులు చాల్లేదా అని అడగలేదు. బండి చుట్టూ ప్రదక్షిణ మాత్రం చేశాను.

ఇంకో మాట, మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాడుంటే మాన్పించండి. ఒకే గుడ్డ, ఒకే బకెట్, ఇరవై కార్లు. మొదటి కారు ఇసుకతో ఇరవయ్యో కారుని గీకుతాడు. నెలనెలా డబ్బిచ్చి గీతలు పెట్టించుకుంటున్నాం. కవరు కూడా అంతే, దుమ్ము మీద కవరేస్తే గాలికి అది ఉప్పు కాగితంలా రుద్దుతూనే ఉంటుంది. కడిగాక వేయండి, లేదా వేయకండి.

పాత బండి ఉంచుకునేవాడి మీద అందరికీ చులకనే లెండి. పదిహేనేళ్ళు నిండాక 2018లో ఆర్సీ రెన్యువల్‌కి ఫీజు ఆరొందలు. మళ్ళీ ఐదేళ్ళకి 2023లో వెళితే ఐదు వేలు! 2022 ఏప్రిల్ నుంచి పెంచారట. ఆ తేడా డబ్బుతో ఎన్ని డబ్బాల వాక్స్ వస్తుందో లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను. అన్నట్టు, ఎలాగూ వేయిస్తున్నాం కదా అని వేరే రంగు మీద మనసు పోతే, ఆర్సీలో రంగు కూడా మార్పించాలి. ఆ తిరుగుడు మీ వల్ల కాదు.

మూడు నెలలకోసారి వాక్స్ పెడుతున్నాను. బండి ఇంకా ఎర్రగానే ఉంది, పార్కింగు ఇంకా ఆకాశం కిందే ఉంది.

మీరు బండి రంగు రాయలేదు. డిక్కీ తెరిచి లోపలి అంచు చూడండి, ఎండ తగలని ఆ రంగే మీ బండి అసలు రంగు. తర్వాత పెట్రోల్ మూత పక్కన చిటికెడు పాలిష్‌తో రుద్ది చూడండి. గుడ్డకి రంగంటితే ఇక్కడే కామెంట్ పెట్టండి, మిగతాది నేను చెబుతాను. అంటకుండా పొరలు లేస్తుంటే, మా తోడల్లుడిని అడిగి పెయింటర్ నంబరు కనుక్కుంటాను.