ఇచ్చిన ఐదు లక్షల కోసం ఇంకో పదకొండు లక్షలు అప్పు చేయకండి

ప్రశ్న: మాది విజయవాడ, పటమటలో అద్దెకు ఉంటున్నాం. ఆటోనగర్‌లో ఒక డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను, జీతం 62 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, 28 వేలు. ఇద్దరు పిల్లలు. పోరంకిలో పాత ఫ్లాట్ ఒకటి 58 లక్షలకు మాట్లాడుకుని, 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి (అందులో లక్ష క్యాష్) 90 రోజుల గడువుతో అగ్రిమెంట్ రాసుకున్నాం. 55 రోజులు అయిపోయాయి. బ్యాంకు 46 లక్షలు శాంక్షన్ చేసింది. మిగతాదానికి మా నాన్నగారు తెనాలి దగ్గర స్థలం అమ్ముతున్నారు, పదకొండున్నర లక్షలు వస్తాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండే ఓనర్, తన బ్యాంకు లోన్ తీర్చి డాక్యుమెంట్లు విడిపించడానికి పది రోజుల్లో 8 లక్షలు ఇవ్వమంటున్నారు. పైగా అమరావతి పనులు మొదలయ్యాక రేట్లు పెరిగాయి కాబట్టి ఇంకో 3 లక్షలు క్యాష్‌గా కావాలట. లేదంటే వేరే పార్టీ రెడీగా ఉందంటున్నారు. 8 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుని, 3 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, స్థలం డబ్బు రాగానే తీర్చేద్దామనుకుంటున్నాను. పర్సనల్ లోన్ కంటే బంగారం మీద లోన్ మేలా? లేక ఉన్న ఒక్క 6 లక్షల ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: మీరు అడిగినదానికి ముందే చెప్పేస్తాను. పర్సనల్ లోన్ వద్దు, బంగారం బ్యాంకులో పెట్టొద్దు, ఎఫ్‌డీ జోలికి అసలే వెళ్లొద్దు. మీ ఉత్తరం చదివితే మూడింటిలో ఏది చవక అన్న లెక్కలోనే ఉన్నారు గానీ, ఆయనకు ఈ డబ్బు ఇప్పుడు ఎందుకివ్వాలి అని ఒక్కసారి కూడా మిమ్మల్ని మీరు ప్రశ్నించుకున్నట్టు లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అడ్వాన్స్ ఇచ్చేశాం కదా, అది పోతుందేమోనన్న భయంతో అంతకు రెండింతలు పట్టుకెళ్లి అదే మనిషి చేతిలో పెడతారు, అప్పటిదాకా 5 లక్షలకే ఉన్న రిస్క్ 16 లక్షలకు పెరుగుతుంది. మొదటి ఐదు లక్షలు ఇచ్చాకే మాట మార్చిన మనిషి, ఇంకో పదకొండు ఇస్తే మాట మీద నిలబడతారని మీకు ఎలా అనిపించిందో నాకు అర్థం కాలేదు.

మీ లెక్కే చూద్దాం. 46 లక్షల హోమ్ లోన్‌కు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ 40 వేల దగ్గర పడుతుంది. 8 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం మీద ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 18,600. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ ఏడాదికి 24 శాతం, 3 లక్షల మీద నెలకు 6 వేలు వడ్డీకే పోతుంది, అసలు రూపాయి తగ్గదు. అద్దె కాకుండా ఇంటి ఖర్చు పిల్లల ఫీజులతో కలిపి 35 వేలు అనుకుంటే, కొత్త ఇంట్లోకి మారాక కూడా నెలకు 99,600 కావాలి. మీ ఇద్దరి జీతం 90 వేలు. "స్థలం డబ్బు రాగానే తీర్చేస్తా" అంటారు. ఆ స్థలం కొనేవాళ్లకూ ఒక బ్యాంకు ఉంటుంది, వాళ్ల గడువులు వాళ్లకు ఉంటాయి, రిజిస్ట్రేషన్ ఒక నెల వెనక్కి జరిగితే మీ ఇంట్లో ఆ నెల ఎలా గడుస్తుంది? రెండు నెలలు జరిగితే? అంతా అనుకున్నట్టే జరిగి డబ్బు వచ్చినా, పెంచిన 3 లక్షలు కలిపితే దాదాపు అంతే మొత్తం తక్కువ పడుతుంది. అది మీరు తీర్చే అప్పు కాదు, మీతోపాటు కొత్త ఇంట్లోకి వచ్చే అప్పు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. లోన్ శాంక్షన్ అయిందంటే డబ్బు చేతికొచ్చినట్టు కాదు. డబ్బు విడుదల చేసే ముందు బ్యాంకులు సిబిల్ (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) మళ్లీ చూడొచ్చు. అక్కడ కొత్తగా 18,600 ఈఎంఐ కనబడితే మీ 46 లక్షలను తగ్గించవచ్చు. తగ్గిన మొత్తం ఎక్కడ నుంచి తెస్తారు, మళ్లీ రెండు రూపాయల వడ్డీకేనా?

ఇక ఎఫ్‌డీ. దీని గురించి గట్టిగా చెప్పాలి, విసుగనిపించినా వినండి. ఈఎంఐ మొదలయ్యాక మీ కుటుంబానికి నెలకు 75 వేలు ఉండాలి, ఆరు నెలలకు నాలుగున్నర లక్షలు. మీ దగ్గర ఆరు ఉన్నాయి, అంటే ఇల్లు కొంటున్న చాలామంది కంటే మీరు మెరుగ్గా ఉన్నారు, దాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకోకండి. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. వ్యాపారం మందగిస్తే డీలర్ జీతం ఆపొచ్చు, వేసవిలో జీతాలు సగం చేసే స్కూళ్లు మన ఊళ్లోనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా, బండి, ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు ఒక్క రాత్రిలో పోయినవాళ్లకు కూడా ఈఎంఐ బాకీ అలాగే ఉంటుంది. అప్పుడు చేతిలో ఆరు నెలల డబ్బు ఉన్న ఇల్లు ఏడ్చి తేరుకుంటుంది, లేని ఇల్లు రెండు రూపాయల వడ్డీకి వెళ్తుంది, ఒకసారి వెళ్తే బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఇల్లు కొనే ఏడాదిలోనే ఈ డబ్బు అవసరం అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే ఈఎంఐ కొత్తది, చేతిలో వేరే ఏమీ మిగలదు. నాలుగున్నర పక్కన పెడితే మిగిలే లక్షన్నర ఇల్లు మారడానికి, రంగులకు, ప్లంబర్‌కు అయిపోతుంది. కాబట్టి ఓనర్‌కు ఇవ్వడానికి అందులో రూపాయి కూడా లేదు. బంగారం సంగతీ అంతే, ఎఫ్‌డీ కూడా సరిపోని రోజు వస్తే దానికోసం ఉండనివ్వండి.

ఇప్పుడు ఓనర్‌తో ఏం చేయాలో చూద్దాం. ఆయన లోన్ తీర్చడానికి మీ చేతి డబ్బు అవసరమే లేదు. ఆయన బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో చూపే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల జాబితా తెప్పించమనండి. వాటిని మీ బ్యాంకుకు ఇస్తే, ఇప్పటికే శాంక్షన్ అయిన 46 లక్షల్లోంచి ఆ బాకీ మొత్తానికి చెక్కు నేరుగా ఆయన లోన్ ఖాతాకు వెళ్లే ఏర్పాటు చేస్తారు, మిగిలింది ఆయనకు వస్తుంది. పాత లోన్ ఉన్న ఫ్లాట్లు రోజూ ఇలాగే చేతులు మారుతున్నాయి. డాక్యుమెంట్లు రావడానికి నెలలు పడుతుందని ఆయన అంటే, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ తిరిగివ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉందని చెప్పండి. ఈ దారికి కూడా ఒప్పుకోకుండా నా చేతికే ఇవ్వాలంటే, ఆ డబ్బు లోన్‌కు పోవడం లేదని నేను అనుకుంటాను. మీరూ అలాగే అనుకోండి.

ఫ్లాట్ మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రేపే తాజాగా తీయించండి. అగ్రిమెంట్ తర్వాత ఏమైనా ఎక్కిందేమో చూడాలి. పెంచిన 3 లక్షలకు ఒప్పుకోవాల్సిన పని లేదు, ధర అగ్రిమెంట్‌లో రాసి ఉంది. అదీ క్యాష్‌గా అంటే అసలు కుదరదు. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీరిచ్చిన లక్షకూ ఇది వర్తిస్తుంది. ఈ మాట ఆయనకు మర్యాదగానే చెప్పండి, సగం బేరం అక్కడే ఆగుతుంది. పైగా ఆ 3 లక్షలు అగ్రిమెంట్‌లో ఉండవు కాబట్టి దాని మీద బ్యాంకు రూపాయి ఇవ్వదు. ధర 50 లక్షలు దాటింది గనుక ఒక శాతం టీడీఎస్ (ఓనర్‌కు ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను), అంటే 58 వేలు, మీరే పట్టుకుని కట్టాలి. అడ్వాన్స్ ఇచ్చినప్పుడు పట్టుకోకపోతే ఇప్పుడే ఆడిటర్‌ని కలవండి. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం లెక్కన 4 లక్షల 35 వేలు బ్యాంకు లోన్‌లో కలవదన్నదీ గుర్తుంచుకోండి. ధరలో లోన్, అడ్వాన్స్ పోను మీ బాకీ 7 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే 11 లక్షల 35 వేలు. నాన్నగారి డబ్బు దానికి సరిగ్గా సరిపోతుంది, ఒక్క రూపాయి కూడా దారి మళ్లకూడదు.

గడువు ఇంకా 35 రోజులుంది. అందులో మొదటి వారంలోనే లాయర్ ద్వారా నోటీసు పంపండి. అగ్రిమెంట్ ప్రకారం కొనడానికి సిద్ధంగా ఉన్నామని రాసి, శాంక్షన్ లెటర్ కాపీ జత చేయండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే మీరు సిద్ధంగా ఉన్నారని రుజువు అడుగుతారు, ఫోన్‌లో మాట్లాడుకున్న మాటలు దానికి సరిపోవు. మన రాష్ట్రంలో అమ్మకపు అగ్రిమెంట్‌ను కూడా రిజిస్టర్ చేయించాలని చట్టంలో ఉంది, మీది ఉత్త స్టాంపు పేపర్ మీదే ఉంటే ఆ విషయం లాయర్‌తో ముందే మాట్లాడండి. నాన్నగారి స్థలం ఆలస్యమయ్యేలా ఉంటే గడువు పెంచమని మీరే అడగండి, కానీ కాగితం మీద, ఇద్దరి సంతకాలతో. బ్రోకర్ మధ్యలో "నేను చూసుకుంటానండీ" అంటే వినకండి, ఫ్లాట్ ఎవరి పేరున ఉందో వాళ్లందరూ సంతకం పెట్టాలి.

వేరే పార్టీకే అమ్ముతానంటే, అడ్వాన్స్ బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకుని వచ్చేయండి. అగ్రిమెంట్‌లో ఓనర్ వెనక్కి తగ్గితే ఎంత కట్టాలని రాశారో చూసి అదీ అడగండి. పోరంకి, పెనమలూరు, కానూరు వైపు ఫ్లాట్లకు కొరత లేదు. ఆరు నెలలు ఆలస్యంగా కొంటే మహా అయితే ఆరు నెలల అద్దె, నెలకు 14 వేల లెక్కన 84 వేలు. పర్సనల్ లోన్ మీద ఒక్క ఏడాదికే దాదాపు లక్ష వడ్డీ కట్టేవారు.

46 లక్షలకు తగ్గకుండా టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) రిజిస్ట్రేషన్ లోపే తీసుకోండి. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, విడిగా ఒకటి ఉండాలి. ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరునే ఉంటే మీ ఆవిడ పేరు కూడా చేర్పించండి, మీరు ఊళ్లో లేని రోజున ఆమె ఒక్కరే వెళ్లి తీసుకునే వీలుండేలా బ్యాంకులో రాయించండి.