పచ్చి బొప్పాయి పట్టించిన మాంసం ముద్దవడం, పుండుకు బొప్పాయి పాలు: సమాధానం

బొబ్బిలి నుంచి మీరు రెండు విషయాలు అడిగారు: పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి రాత్రంతా ఉంచిన వేటమాంసం ఉడికాక పీచు లేకుండా ఎందుకు చితికిపోయింది, ఆ కాయ పాలను మీ నాన్నగారి మడమ పుండుకు రాయవచ్చా అని.

కాయను గోటితో గీరగానే ఉబికే తెల్లటి పాలలోని పపైన్ అనే ఎంజైమే (రసాయన చర్యను వేగపరిచే మాంసకృత్తి) మాంసం చితకడానికి కారణం. మాంసకృత్తులను కట్టే చిన్న అణువులైన అమైనో ఆమ్లాలు 212 కలిసిన గొలుసే పపైన్; అది రెండు భాగాలుగా ముడుచుకుని నడుమ ఒక గాడిని ఏర్పరుస్తుంది. ఆ గాడిలో 25వ స్థానంలోని సిస్టీన్, 159వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు కలిసి, అక్కడ ఇమిడిన మాంసకృత్తిని తెగ్గొడతాయి. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద అది మరింత చురుకుగా పనిచేస్తుంది కనుక, సన్నని సెగ మీద కూర నెమ్మదిగా వేడెక్కుతున్నంతసేపూ ఈ కోత సాగుతూనే ఉంటుంది. కిలో మాంసానికి ఒక చెంచా ముద్ద, అరగంట నాననివ్వడం చాలు. ఆపైన పెద్ద మంట మీద త్వరగా మరిగించండి.

పుండు సంగతి పూర్తిగా వేరు. చచ్చిన కణజాలాన్ని కరిగించే లేపనాలలో పపైన్‌ను వాడిన మాట నిజమే గాని, తీవ్రమైన అలర్జీలు బయటపడటంతో, అనుమతి లేని అటువంటి లేపనాల అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఆపించింది. శుద్ధి చేసిన మందు విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, చెట్టు నుంచి కారిన పచ్చి పాలు రాయవద్దని గట్టిగా కోరుతున్నాను. నాన్నగారికి షుగరు ఉన్నట్లయితే ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి.