ఒకే బోరు నీటికి రెండు ల్యాబ్‌లు రెండు రకాల సీసం అంకెలు ఎందుకిస్తాయి?

ఒకే బోరు నీటిని రెండు ల్యాబ్‌లకు ఇస్తే సీసం లీటరుకు 4 మైక్రోగ్రాములని ఒకరు, 19 అని మరొకరు రిపోర్టు ఇచ్చారని, ఏది నమ్మాలని అడిగారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు కనుక ఈ తేడాను తేలిగ్గా వదిలేయడానికి వీల్లేదు. నీటిలో లోహాల పరీక్షలు చేసే ఉద్యోగంలో ఇలాంటి రిపోర్టులు చాలా చూశాను. నేను ముందుగా అడిగేది నమూనా ఎలా తీశారు, అందులో యాసిడ్ ఎప్పుడు కలిపారు అన్నదే.

బోరు నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటే, పైకి వచ్చినప్పుడు తేటగా కనిపించిన నీరే గాలి తగిలిన కాసేపటికి తుప్పు రంగుకు తిరుగుతుంది. అలా విడిపోయిన ఇనుము సీసాన్నీ ఆర్సెనిక్‌నూ తనకు అంటించుకుని బాటిల్ అడుగునా గోడలకూ చేరుతుంది. ఆపైన పైనున్న తేట నీటిని మాత్రమే తీసి పరీక్షిస్తే అంకె తక్కువగా వస్తుంది. అందుకే లోహాల పరీక్షకు వాడే స్వచ్ఛమైన నైట్రిక్ యాసిడ్‌ను నమూనా తీసిన చోటే కలిపి, లోహాలు నీటిలో కరిగే ఉండేలా పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 2 కంటే తక్కువకు తేవాలి. అది కుదరకపోతే ల్యాబ్‌కు చేరాక అదే బాటిల్‌లో యాసిడ్ పోసి, కనీసం 24 గంటలు ఆగి, బాగా కలిపి, అప్పుడే కొలవాలి. ఒక ల్యాబ్ 0.45 మైక్రాన్ వడపోత తర్వాత కొలిచి, మరొకటి వడపోయకుండా కొలిచినా ఇంతే తేడా రావచ్చు; మొదటిది కరిగి ఉన్న సీసం, రెండోది మొత్తం సీసం. తాగేవారికి కావలసింది మొత్తమే.

రాత్రంతా కదలని నీటిలోకి ఇత్తడి కుళాయిల నుంచి కూడా సీసం దిగుతుంది. కాబట్టి తెల్లవారి తిప్పగానే వచ్చే నీటిని ఒక బాటిల్‌లో, మోటారు కొంతసేపు నడిచాక బోరు దగ్గర నేరుగా మరొక బాటిల్‌లో పట్టండి. రెండూ పలచని నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ బాటిళ్లే కావాలి. మొదటిదానిలోనే సీసం ఎక్కువైతే లోపం బోరుది కాదు, కుళాయిలు, పైపుల అమరికలది.

యంత్రం విషయానికొస్తే, మామూలు ఫ్లేమ్ ఏఏఎస్ (నమూనాను మంటలోకి పంపి లోహాన్ని కొలిచే యంత్రం) ఇంత తక్కువ సీసాన్ని నమ్మకంగా పట్టలేదు. అతి తక్కువ మోతాదులనూ పట్టగల గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఉండాలి. రెండు ల్యాబ్‌లనూ బ్లాంక్ విలువ (సీసం లేని శుద్ధ నీటిని కొలిస్తే వచ్చిన అంకె), స్పైక్ రికవరీ (కలిపిన సీసంలో తిరిగి కనిపించిన శాతం) రాతపూర్వకంగా అడగండి. మీ నీటికే తెలిసిన మోతాదులో సీసం కలిపి కొలిచినప్పుడు, కలిపినది దాదాపు పూర్తిగా తిరిగి కనిపించిందని చూపగలిగిన ల్యాబ్ అంకెనే నేను లెక్కలోకి తీసుకుంటాను.

కొత్త ఫలితం వచ్చేదాకా, ముఖ్యంగా పసిపిల్లలకూ గర్భిణులకూ, ఆ నీళ్లు తాగడానికి గానీ వంటకు గానీ వాడకండి. మరిగిస్తే సీసం పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.