వాల్ స్ట్రీట్ మిల్లు: ముందు పైనుంచి చూడండి

పిల్లలతో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్క్ వెళ్తున్నాం, అక్కడి వాల్ స్ట్రీట్ మిల్లు అనే పాత బంగారం మిల్లు చూడదగ్గదేనా, లోపలికి వెళ్లనిస్తారా అని అడిగారు కదా. తప్పకుండా చూడండి. లోపలికి మాత్రం వెళ్లనివ్వరు, బయట నిలబడే చూడాలి. అదెలా పనిచేసేదో కాస్త తెలిస్తే బాగుంటుంది. తెలియకపోతే అదొక తుప్పుపట్టిన రేకుల షెడ్డు, అంతే. మేం వెళ్లినప్పుడు ఒక జంట సెల్ఫీ దిగి, "ఇదేనా?" అనుకుంటూ వెనక్కి తిరిగింది.

మిల్లును వాలు మీద కట్టారు. అందుకే చూపు పైనుంచి మొదలుపెట్టాలి. పైన పోసిన ముడిరాయి తన బరువుతో తానే ఒక్కో మెట్టూ కిందికి దిగేది. ముందు ముక్కలయ్యేది, తర్వాత రెండు ఇనుప రోకళ్ల కింద నీళ్లతో కలిసి మెత్తని బురదయ్యేది. పాదరసం పూసిన రాగి పలకల మీదుగా ఆ బురద పారుతుంటే బంగారం రేణువులు పాదరసానికి అంటుకునేవి, మిగతాది కొట్టుకుపోయేది. ఆ ముద్దను గోకి తీసి వేడిచేస్తే పాదరసం ఆవిరయ్యేది, బంగారం మిగిలేది. పక్కనున్న మనిషి ఆ ఆవిరి పీల్చేవాడా అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే.

ఈ యంత్రాలను 1930ల్లో బిల్ కీస్ అనే రైతు పార్కులోనే ఉన్న పిన్యన్ వెల్ అనే చోటు నుంచి ఇక్కడికి తెచ్చి నిలబెట్టాడు. చుట్టుపక్కల చిన్న గనులవాళ్లు తమ రాయి తెచ్చి ఇక్కడే ఆడించుకునేవాళ్లు. దారి తగాదాలో 1943లో కీస్ చేతిలో వర్త్ బాగ్లీ అనే పొరుగువాడు చనిపోయాడు. కీస్ జైలుకెళ్లాడు, 1956లో క్షమాభిక్ష దొరికింది. బాగ్లీ పడిపోయిన చోట కీస్ ఒక రాయి చెక్కి పాతాడు, చంపింది తనేనని పేరుతో సహా! అసలు రాయిని ఎవరో పాడుచేశారు, ఇప్పుడున్నది నకలు. దారిలోనే కనిపిస్తుంది.

బార్కర్ డ్యామ్ పార్కింగ్ నుంచి నడిచి వెళ్లాలి, దాదాపు చదునైన ఇసుక దారి. నీడ లేదు, తాగే నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ రాదు. వేసవిలో పిల్లలతో వద్దు, మిగతా కాలంలో పొద్దున్నే బయల్దేరండి. తుప్పుపట్టిన కార్లు, మేకులు, డబ్బాలు కనిపిస్తాయి, ఏదీ జేబులో వేసుకోకూడదు, చట్టరీత్యా నేరం.

కీస్ ఇల్లు కూడా చూడాలనుంటే రేంజర్ (పార్కు ఉద్యోగి) వెంట టూర్‌లోనే వెళ్లాలి, టికెట్ ముందే తీసుకోండి.