బండి నడపడం వచ్చు, ఆపడం వచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 నిండాయి, ఇంజినీరింగ్ రెండో ఏడు. 150 సీసీ బండి కావాలని పట్టుబట్టాడు, వాళ్ల నాన్న కొనిస్తానన్నారు. పదో తరగతి నుంచే వాళ్ల మామయ్య బండి నడిపేవాడు. "ముందు రెండు రోజులు ట్రైనింగ్ తీసుకోరా" అంటే, "లైసెన్స్ ఉంది, బండి వచ్చు, డబ్బులు దండగ" అంటున్నాడు. వాడు ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. నాదే అతి భయమా?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: అతి భయం కాదమ్మా. నేను 22 ఏళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. ఎంతోమంది పిల్లల చేత ఎనిమిది వేయించి లైసెన్స్ కాగితాల మీద సంతకం పెట్టాను. కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేస్తే, మెల్లగా పోయే బండి అదుపులో ఉందని తెలుస్తుంది. 50లో పోతుంటే గేదె అడ్డొచ్చినప్పుడు ఆ పిల్లాడి చెయ్యి ఏం చేస్తుందో ఆ పరీక్షలో తెలియదు.

రిటైరయ్యాక ఆదివారాలు ఒక కాలేజీ గ్రౌండులో నేర్పుతున్నాను. మొదటి రోజు సున్నంతో గీత గీసి, "40లో రా, గీత దగ్గర బ్రేకు కొట్టి ఆపు" అంటాను. చాలామంది కుడికాలితో వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. వెనక చక్రం బిగుసుకుపోయి, నల్లటి చార గీస్తూ, బండి తోక ఊపుకుంటూ ఎక్కడో పోయి ఆగుతుంది. అడిగితే అందరిదీ ఒకటే మాట: "ముందు బ్రేకు పడితే బోల్తా కొడతావని ఇంట్లో చెప్పారు సార్." బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుందమ్మా. రోడ్డును గట్టిగా పట్టుకునేది అదే, వెనక చక్రం తేలికైపోతుంది. అందుకే రెండు బ్రేకులూ వాడాలి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. ఇది చెబితే రాదు. ఇరవైసార్లు చేస్తే, ఆలోచించకుండానే చెయ్యి ఆ పని చేస్తుంది.

125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి మీవాడి బండికీ ఉంటుంది. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, అంతే. 60లో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి కదిలేలోపే బస్సు పొడవు దాటిపోతుంది. ఆ సెకనును ఏ మెషీనూ తిరిగివ్వలేదు.

నా సంగతీ చెబుతాను. 26 ఏళ్లప్పుడు, వరికోతల రోజుల్లో, చీకటి పడుతుండగా ఊరికి పోతున్నాను. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. పక్కన దారి ఉంది. నా కళ్లు మాత్రం రాళ్ల మీదే నిలిచిపోయాయి, బండీ అటే పోయింది. భుజం ఎముక విరిగింది. నెత్తిన హెల్మెట్ ఉంది కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను. చూపు ఎటుంటే బండి అటు పోతుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడికీ అదే మొదట చెబుతాను: అడ్డాన్ని కాదు, సందును చూడు.

అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఆ ప్రమాదాల్లో బండి నడిపినవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. మీవాడిలాగే.

ఒకమాట, కోప్పడకండి. పదో తరగతి పిల్లాడికి బండి ఇవ్వడం పొరపాటు. 2019 చట్టసవరణ తర్వాత అందుకు తల్లిదండ్రులకు, బండి ఓనరుకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయి. ఆ వయసులో పడ్డ అలవాట్లు ఇప్పుడు విడిపించాలి.

మీ అబ్బాయితో వాదించకండి. బండి షోరూమ్ నుంచి రాకముందే శిక్షణ పూర్తవ్వాలని వాళ్ల నాన్నగారితో చెప్పించండి. వీలీలు, విన్యాసాలు నేర్పేచోటికి పంపొద్దు. బ్రేకు, మలుపు, చూపు, వీటిమీద గంటలు గంటలు చేయించేవాళ్లు కావాలి. చేరకముందు ఒక్క ఆదివారం ఊరికే చూడ్డానికి తీసుకెళ్లండి. తన ఈడు పిల్లలు గీత దాటి ఎంత దూరం జారిపోతున్నారో అక్కడ నిలబడి చూడనివ్వండి.

ప్రశ్న: బండి మీంచి పడ్డాను, దెబ్బలు తగల్లేదు. హెల్మెట్ పైకి బాగానే ఉంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: తలతో సహా నేలకు తగిలి ఉంటే వాడొద్దమ్మా. లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బను తను మింగి నలిగిపోతుంది, రెండోసారి పనిచేయదు. ఆ నలుగుడు పైకి కనపడదు. ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనండి, మీ వెనక కూర్చునేవాళ్లకీ ఒకటి తీసుకోండి. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టాలి, మూడోది పట్టకూడదు. పెట్టుకున్నాక వెనకనుంచి ముందుకు లాగి చూడండి, ఊడొస్తే సైజు మార్చమనండి.