చెరలో ఉన్నవాళ్ళు ఇళ్ళెలా కట్టుకుంటారు?

సందేహం: బైబిల్లోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో ఆ ప్రవక్త బబులోను చెరలో ఉన్నవాళ్ళకు ఉత్తరం రాస్తూ ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి అంటాడు. చెర అంటే జైలు కదా! అక్కడ ఇళ్ళు కట్టుకోవడం ఏమిటి? 'ప్రవాసం' అనాల్సిన చోట పొరపాటున 'చెర' అన్నారా?

సమాధానం: పొరపాటేమీ లేదండీ. 'చెరసాల' అన్న మాట బాగా అలవాటైపోయి, చెర అనగానే మనకు ఊచలు కనిపిస్తున్నాయి. దేవకీ వసుదేవులది అలాంటి చెరే. మరి సీతమ్మది? ఆమె ఉన్నది అశోకవనంలో, చెట్ల కింద. అయినా రావణుడి చెర అనే అంటాం. 'కిడ్నాపర్ల చెర వీడిన బాలుడు', 'కబ్జాదారుల చెరలో చెరువు' అని పేపర్లలో చూస్తూనే ఉంటాం. చెరువును ఎవరూ జైల్లో పెట్టలేరు కదా! ఇంకొకరి పట్టులో ఉండటం చెర. గోడలు ఉండొచ్చు, లేకపోవచ్చు.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యూదా రాజు యెహోయాకీనును, అధికారులను, పనివాళ్ళను పట్టుకుపోయాడు. రాజు 37 ఏళ్ళు నిజంగానే ఖైదులో ఉన్నాడు. మిగతావాళ్ళలో చాలామందిని ఊళ్ళలో ఉంచి పొలం పనుల్లో పెట్టారు. 'యూదా ఊరు' అనే పేరున్న ఒక పల్లెకు సంబంధించి వాళ్ళ కౌళ్ళు, అప్పులు రాసిన మట్టిపలకలు బయటపడ్డాయి కూడా. ఆ ఉత్తరం మొదట్లో వాళ్ళను చెప్పే హీబ్రూ మాట 'గోలా'. సొంత నేల నుంచి తరలించబడ్డవాళ్ళు అని దాని అర్థం. దీనికి 'ప్రవాసం' వాడినవాళ్ళూ ఉన్నారు. నాకైతే అది మరీ మెత్తగా వినిపిస్తుంది. ప్రవాసాంధ్రులను ఎవరూ బలవంతంగా విమానం ఎక్కించలేదు!

ఇక ప్రవచనం సంగతి. ఇళ్ళు కట్టుకోమనడం ఓదార్పులా వినిపిస్తుంది గానీ, దేవుడు వేసిన శిక్ష ఎంత పెద్దదో చెబుతున్నది ఆ మాటే. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచేస్తాడు. రెండేళ్ళకైతే గుడారాలు చాలు. యిర్మీయా చెప్పింది 70 ఏళ్ళు. అంటే అక్కడికి వెళ్ళిన పెద్దలు అక్కడే మట్టిలో కలవాలి, తిరిగొచ్చేది పిల్లలూ మనవలూ. పెళ్ళిళ్ళు చేయమన్నది అందుకే. అయితే ఆ శిక్షకు గడువు ఉంది, ఆ తర్వాత తిరిగి రప్పిస్తానన్న మాటా ఆ ఉత్తరంలోనే ఉంది.

అప్పటివాళ్ళకూ ఇది ఇలాగే అర్థమైంది. షెమయా అనే అతను బబులోను నుంచి యాజకుడు జెఫన్యాకు ఫిర్యాదు రాశాడు: చెర చాలాకాలం ఉంటుంది, ఇళ్ళు కట్టుకోండి అని యిర్మీయా మాకు కబురు పంపాడు, అతన్ని ఎందుకు గద్దించలేదు అని.