గాలి పంపుకి మీ కాంటాక్టులతో ఏం పని?

ప్రశ్న: ఆదివారాలు గేర్ సైకిల్ మీద కళింగపట్నం దాకా వెళ్తుంటాను. దారిలో పంక్చరైతే ఇబ్బంది పడకూడదని ఆన్‌లైన్లో రిపేరు కిట్ తెప్పించాను. అందులో ఛార్జింగ్ పంపు ఉంది. డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్ నేరుగా డౌన్‌లోడ్ అయింది. కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు, యాక్సెసిబిలిటీ అన్నీ అడుగుతోంది. ఇవ్వనంటే ముందుకు పోవడం లేదు. ఇవ్వమంటారా? కిట్‌లో ఇంకా ఏం ఉండాలి?
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మిగతాది ఇంట్లో ఇంకొకరి ఫోన్లో చదవండి.

ఇలాంటి ఉత్తరాలు ఆగడం లేదు. మొదట బల్బు, తర్వాత బరువు తూచే మిషన్, ఇప్పుడు గాలి పంపు. మీ పంపు చేసినవాడు దొంగ అని నేననను. ఎవరో రాసిన యాప్‌ను తెచ్చి, పేరు మార్చి అంటించిన బద్ధకస్తుడు కూడా కావచ్చు. కానీ ఆ తేడా డబ్బా చూసి మీకూ తెలియదు, నాకూ తెలియదు. పైగా ఇది ప్లే స్టోర్ నుంచి వచ్చిన యాప్ కాదు, క్యూఆర్ కోడ్ దింపిన ఏపీకే ఫైలు, అంటే స్టోర్‌తో పని లేకుండా ఫోన్లోకి నేరుగా ఎక్కే యాప్ ఫైలు. నాకు భయమంతా అక్కడే.

యాక్సెసిబిలిటీ అనుమతిని పెట్టింది చూపు సరిగా లేనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్ల కోసం. తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, వాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి. అదే అనుమతి దొంగ యాప్ చేతికి చిక్కితే మీరు బ్యాంకు యాప్ తెరిచినప్పుడు పక్కన కూర్చుని చూస్తుంది, మీ బదులు తనే నొక్కుతుంది. ఎస్ఎంఎస్ అనుమతి కూడా తోడైతే ఓటీపీని మీకంటే ముందే చదివేస్తుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయట నుంచి దింపిన యాప్‌లకు ఈ అనుమతి అంత తేలిగ్గా దొరకదు. ఫోనే అడ్డుపడుతుంది. అందుకని మోసగాళ్లు ఆ అడ్డు ఎలా తీయాలో బొమ్మలు గీసి మరీ చెబుతారు. మీ యాప్ కూడా అలా సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లి ఏదో 'అలౌ' చేయమంటోందా? ఇంక అనుమానమే అక్కర్లేదు, తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పని చేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితాకి (ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌లు అందులో ఉంటాయి) వెళ్లి దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు, అందులో మీ సిమ్ వేసుకుని యూపీఐ పిన్ మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.

ఒక్క విషయంలో మాత్రం పంపు యాప్‌ల పక్షాన మాట్లాడాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ వస్తువుని వెతకాలన్నా లొకేషన్ అనుమతి కావాల్సిందే. 12 నుంచి దానికి 'సమీపంలోని పరికరాలు' అని వేరే అనుమతి వచ్చింది. పాత ఫోన్లో లొకేషన్ అడిగితే అర్థం ఉంది. కాంటాక్టులు అడిగితే? మీ మేనమామకి ఫోన్ చేసి గాలెంత పట్టాలో కనుక్కుంటుందా?

అసలు గాలి పంపుకి యాప్ ఎందుకు? నా దగ్గరా ఒకటుండేది. ఒకరోజు గార దాటాక వెనక చక్రం కూర్చుంది. పంపు బటన్ నొక్కితే గాలి అంకె రావాల్సిన చోట అప్‌డేట్ గుర్తు గుండ్రంగా తిరుగుతోంది. యాప్ తెరుద్దామంటే సిగ్నల్ ఒక గీత. సైకిల్ నడిపించుకుంటూ పంక్చర్ షాపుకి చేరాను. "గాలి కొట్టడానికి కూడా ఫోనేటి బాబూ?" అన్నాడాయన, కాలితో తొక్కే పంపు ముందుకు జరుపుతూ. తీరా చూస్తే నా ట్యూబుది సన్న మూతి, ప్రెస్టా వాల్వు. ఆయన పంపు దానికి పట్టలేదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ నా సంచిలో ఉంటే రెండు నిమిషాల పని. ఆరోజు ఆటో ఎక్కించాల్సి వచ్చింది.

కాబట్టి కిట్‌లో మొదట పెట్టాల్సింది ఆ అడాప్టర్, మీ వాల్వు కూడా సన్నదైతే. తర్వాత చేత్తో కొట్టే చిన్న పంపు. ఛార్జింగ్ పంపు ఇంట్లో వాడుకోండి, దానికి యాప్ లేకుండా పని చేసే బటన్ ఉంటేనే. ఎండలో సీటు కింద సంచిలో లిథియం బ్యాటరీని ఉడికించకండి. టైరుకి సరిపడే ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవర్లు రెండు, ప్యాచీలు, గరుకు కాగితం, కొత్త సొల్యూషన్ ట్యూబు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ సంచిలోనే ఎండిపోతుంది, అవసరం పడ్డ రోజున నొక్కితే ఏమీ రాదు. మల్టీటూల్లో (చాకులా మడిచే పనిముట్ల గుత్తి) 4, 5, 6 ఎంఎం ఆలెన్ కీలు, అంటే ఆరు పలకల కీలు, ఉన్నాయో లేదో చూడండి. డిస్క్ బ్రేకుంటే నక్షత్రం మూతి టీ25 కూడా కావాలి, ఊళ్లో షాపుల్లో పానాలు దొరికినా అది దొరకడం కష్టం. చక్రం నట్లతో బిగించిన రకమైతే 15 ఎంఎం పానా. చైన్ తెగితే కలపడానికి మీ గేర్ల సంఖ్యకి సరిపోయే క్విక్ లింక్. సముద్రపు గాలికి ఇనప పనిముట్లు తుప్పు పడతాయి, వాటికి కొంచెం నూనె రాసి పాత లుంగీ ముక్కలో చుట్టండి. ఆ గుడ్డ చేతులు తుడుచుకోవడానికీ పనికొస్తుంది.

ప్రశ్న: సైకిల్ ఎక్కడుందో ఫోన్లో చూపించే ట్రాకర్ ట్యాగ్ ఒకటి టూల్ సంచిలో పెట్టాను. విజయనగరం ఊళ్లో బాగానే చూపిస్తోంది. రామతీర్థం వైపు వెళ్తే గంటలకొద్దీ పాత చోటే చూపిస్తోంది. పాడైందా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పాడవలేదమ్మా. అందులో జీపీఎస్ ఉండదు. పక్కనుంచి వెళ్లే వాళ్ల ఫోన్లు బ్లూటూత్‌లో దాన్ని పసిగట్టి చెబితేనే మ్యాప్ మీద కదులుతుంది. గంటస్తంభం దగ్గర ఫోన్లకు కొదవా? పొలాల మధ్య ఎవరున్నారు చెప్పడానికి? ఇంకోమాట, ట్యాగ్‌ని టూల్ సంచిలోంచి తీసి సీటు లోపల ఎక్కడైనా దాచండి. దొంగ మొదట లాక్కునేది ఆ సంచినే.